వెన్నులో నీరు చెప్పిన సాక్ష్యం

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పిల్లవాడికి జ్వరం బాగా ఎక్కువై, మెడ బిగుసుకుపోయి, ఫిట్స్ వచ్చాయనుకోండి. ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరుగారు "వెన్నులోంచి కొంచెం నీరు తీసి చూడాలమ్మా" అంటారు. అంతే! బామ్మగారి దగ్గర నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరిదీ ఒక్కటే మాట. "వద్దమ్మా, వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి!" ఈ మాట వినని ఇల్లు మనలో ఉండదు. చదువుకున్న వాళ్ల ఇళ్లలోనూ ఇదే భయం. కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాక, గంటల తరబడి ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లులు ఎంతమందో!

ఈవేళ మీకు చెప్పబోయేది సరిగ్గా దీనికి ఎదురుగా నడిచే కథ. పెద్ద ఆపరేషను ఒకటుంది. అందులో కాళ్లు పడిపోకుండా కాపాడడానికే వెన్నులో నీరు తీస్తారు. తీసిన ఆ నీటిని పరీక్షించి చూస్తే, మత్తులో పడివున్న మనిషి నోరు విప్పి చెప్పలేని సంగతులు అది చెబుతుంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళానికి చేసే ఆపరేషను అది. దాని చరిత్రలో కత్తులతో బాటు సూది, దారం, లేసుపని, ఇంట్లో వాడుకునే కుట్టుమిషను కూడా ఉన్నాయి. కనుక మనకు మరీ పరాయి సంగతేమీ కాదు.

ముందు ఆ రక్తనాళం సంగతి చూద్దాం. దాన్ని మన భాషలో బృహద్ధమని అంటారు. గుండె నుంచి పైకి లేచి, మెడ కిందుగా వంకీ తిరిగి, వెన్నెముకను ఆనుకుని ఛాతీలోంచి పొట్టలోకి దిగుతుంది. బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లలోకి పోతుంది. మన బొటనవేలి కంటె కాస్త లావుగా ఉంటుంది. ఊరికంతకీ మంచినీళ్లు పంపే పెద్ద గొట్టం లాంటిదన్నమాట. వయసు మీదపడడం వల్ల, రక్తపోటు వల్ల, పొగతాగడం వల్ల, కొన్ని కుటుంబాలలో పుట్టుకతో వచ్చే బలహీనత వల్ల ఈ గొట్టం గోడ ఒకచోట పలచబడుతుంది. పాత సైకిలు ట్యూబు పలచబడిన చోట బుడ్డలా లేస్తుంది చూశారా, అలా ఉబ్బుతుంది. దాన్ని ఎన్యూరిజం అంటారు. అది ఏ నొప్పీ చెప్పకుండా ఏళ్ల తరబడి ఉండవచ్చు. పగిలిందా, ఆసుపత్రి చేరే వ్యవధి కూడా చాలామందికి ఉండదు.

మరి పగలకముందే బాగుచెయ్యరాదా? వైద్యులు ఎప్పటినుంచో ఆ ప్రయత్నంలోనే ఉన్నారు. 1817లో లండనులో ఆస్ట్లీ కూపర్ అనే పేరుమోసిన సర్జను ఇలాంటి రోగికి బృహద్ధమనిని దారంతో ముడివేసి కట్టేశాడు. రక్తం పోవడం ఆగింది కాని ఆ మనిషి రెండు రోజులైనా బతకలేదు. ఊరికి నీళ్లు పంపే గొట్టాన్ని మూసేస్తే ఊరు ఎలా బతుకుతుంది? మూసెయ్యడం కాదు, చెడిన ముక్క తీసి మంచి ముక్క అతకాలి. అతకాలంటే రక్తనాళాన్ని కుట్టడం రావాలి. ఆ రోజుల్లో అది ఎవరికీ చేతకాని విద్య.

1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరానికి వచ్చినప్పుడు ఒకడు కత్తితో పొడిచాడు. పొట్టలో పెద్ద సిర తెగింది. ఎంత పేరున్న సర్జనులున్నా ఆ సిరను కుట్టలేకపోయారు. ఆయన చనిపోయాడు. ఆ ఊళ్లోనే వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్ అనే యువకుడి మనసులో అది ముల్లులా గుచ్చుకుంది. రక్తనాళం అంటే పలచని గుడ్డలాంటిదే కదా, గుడ్డ కుట్టగలిగినవాళ్లు దాన్ని మాత్రం ఎందుకు కుట్టలేరు అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడో తెలుసా? ఊళ్లో లేసుమీద సన్నని పని చేసే మదామ్ లెరూదియే అనే ఆవిడ దగ్గరికి వెళ్లి సూదిపని నేర్చుకున్నాడు. వెంట్రుక లాంటి సూదులతో, సన్నని పట్టుదారంతో రక్తనాళాలను చివరా చివరా కలిపి కుట్టే పద్ధతిని 1902లో ప్రకటించాడు. 1912లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. అలాంటి సన్నని పనికి ఎంత ఓర్పు, ఎంత కంటిచూపు కావాలో మన నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

కుట్టడం వచ్చింది సరే, అతకడానికి ముక్క ఎక్కడిది? ఆ చిక్కు తీరడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1948లో అయిన్‌స్టయిన్ మహాశయుడికి పొట్టలో ఈ ఉబ్బు కనబడినప్పుడు రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జను చెయ్యగలిగిందల్లా దాని చుట్టూ సెల్లోఫేను కాగితం చుట్టడం. ఆ చుట్టుడుతోనే ఆయన మరి ఆరేళ్లు పైగా బతికాడు. 1955 ఏప్రిల్‌లో అది పగిలింది. ఆపరేషను చేస్తామంటే ఆయన వద్దన్నాడు. ఏప్రిల్ 18న ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశాడు. ఈ లోపల 1951లో పారిస్‌లో షార్ల్ ద్యుబో అనే ఆయన చనిపోయిన మనిషి నుంచి తీసిన ధమని ముక్కను రోగికి అతికి నెగ్గుకొచ్చాడు. కాని అవసరమైనప్పుడల్లా అలాంటి ముక్క ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే మన కుట్టుమిషను రంగంలోకి వస్తుంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో మైకేల్ డిబేకీ అనే సర్జను ఉండేవాడు. తల్లిదండ్రులు లెబనాన్ దేశం నుంచి వలస వచ్చినవారు. చిన్నతనంలోనే తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. గుడ్డతో గొట్టం కుట్టి రక్తనాళానికి బదులు వాడదామని ఆలోచన వచ్చి, నైలాను గుడ్డ కొనడానికి పెద్ద దుకాణానికి వెళ్లాడు. నైలాను అయిపోయింది, డేక్రాను అని కొత్త రకం వచ్చింది, అది ఉంది అన్నారు. సరే అని అదే కొన్నాడు. ఇంటికి వచ్చి భార్య కుట్టుమిషను మీద కూర్చుని గొట్టాలు కుట్టాడు. 1954 నాటికి అవి మనుషుల ఒంట్లో పనిచెయ్యడం మొదలుపెట్టాయి. డేక్రాను అంటే మరేమీ కాదు, ఒకప్పుడు మనవాళ్లు ఇస్త్రీ అక్కర్లేదని మురిసిపోయిన టెరిలిన్ కూడా ఆ జాతిదే. చొక్కాల గుడ్డ మనుషుల ప్రాణాలు నిలబెట్టింది! దుకాణంలో ఆ రోజు నైలాను ఉండివుంటే ఎలా ఉండేదో. తరువాత తరువాత నైలాను ఒంట్లో బలం తగ్గిపోతుందనీ, డేక్రాను మాత్రం నిలుస్తుందనీ తేలింది.

ఇంతవరకూ విజయగాథే. అయితే ఈ విజయానికి కట్టాల్సిన మూల్యం ఒకటి వెనకాలే వచ్చి నిలబడింది.

గొట్టం మార్చాలంటే నీళ్లు కట్టెయ్యాలి కదా. ఛాతీలోనూ పొట్టలోనూ ధమని ఉబ్బినప్పుడు సర్జను పైన క్లాంపు బిగించి రక్తం ఆపి, చెడిన భాగం తీసి, గుడ్డ గొట్టం కుట్టాలి. ఆ కాసేపూ కిందివైపుకు రక్తం సరిగా అందదు. ఆపరేషను అద్భుతంగా జరిగేది. రోగికి తెలివి వచ్చేది. "కాళ్లు కదపండి" అనేవారు. కదిలేవి కావు. నడుం కింద చచ్చుపడిపోయేది. గుండె బాగుంది, గొట్టం బాగుంది, కాళ్లు పోయాయి. ఆ మంచం పక్కన కూర్చున్న ఇల్లాలి సంగతి మీరే ఊహించుకోండి. బతికించారని దణ్ణం పెట్టాలా, ఇక ముందు ఎలా అని ఏడవాలా?

కారణం ఏమిటంటే, మెదడు నుంచి కాళ్లకు కబుర్లు మోసే వెన్నుపాము కూడా రక్తం మీదే బతుకుతుంది. దానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు చాలావరకు ఈ బృహద్ధమని నుంచే చీలి వస్తాయి. వాటిలో కాస్త పెద్దదాన్ని 1882లో క్రాకో నగరంలో ఆల్బర్ట్ ఆడమ్‌కీవిచ్ అనే పరిశోధకుడు వర్ణించాడు. ఈనాటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ నాళం అందరిలోనూ ఒకేచోట ఉండదు. ఒకరిలో కాస్త పైన, మరొకరిలో కాస్త కింద. మన పాత ఇళ్లలో గోడలో కరెంటు తీగ ఎటు పోయిందో తెలియక మేకు కొట్టడానికి భయపడతాం చూడండి, అలాంటి అవస్థ సర్జనుది.

హ్యూస్టన్‌లోనే స్టాన్లీ క్రాఫర్డ్ అనే ఆయన ఈ ఆపరేషనులో అందెవేసిన చెయ్యి. 1960 నుంచి 1991 దాకా ఆయన బృందం ఆపరేషను చేసిన 1,509 మంది లెక్కలు 1993లో వెలువడ్డాయి. వారిలో 16 శాతం మందికి కాళ్లు పూర్తిగానో కొంతగానో పడిపోయాయి. అంటే ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి. లోకంలోకెల్లా నిపుణుల చేతుల్లోనే ఇదీ పరిస్థితి. ఆ లెక్కను దాచుకోకుండా బయటపెట్టారు కనుకనే తరువాతివాళ్లకు దారి దొరికింది.

ఇక మన వెన్నులో నీటి దగ్గరికి వద్దాం. మెదడు, వెన్నుపాము నీటిలో తేలుతున్నట్టు ఉంటాయని 1764లో నేపుల్స్ నగరంలో దొమెనికో కొతూన్యో అనే యువవైద్యుడు చూపించాడు. అంతకుముందు శవాలను పడుకోబెట్టి, తల కోసి పరీక్షించేవారు. అందువల్ల నీరంతా ముందే కారిపోయేది, ఎవరి కంటా పడేది కాదు. ఈయన శవాన్ని నిలబెట్టి వెన్నెముకను కోసి చూశాడు. తేటగా నీరు! పెద్దవాళ్లలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. చిన్న గ్లాసుడన్నమాట. అది నిలవనీరు కాదు. రోజుకు సుమారు అర లీటరు కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. కనుక పరీక్షకు ఒక చెంచాడు తీస్తే తరిగిపోతుందనే బెంగ అక్కర్లేదు, గంటల్లో ఊరుతుంది.

బతికున్న మనిషి నుంచి సూదితో ఆ నీరు తీసే పద్ధతిని 1891లో జర్మనీలో హైన్రిక్ క్వింకె అనే వైద్యుడు ప్రకటించాడు. తలలో నీరు చేరి బాధపడే పిల్లలకు కాస్త ఉపశమనం కలిగిద్దామన్నదే ఆయన ఉద్దేశం. ఆయన సూది గుచ్చిన చోటు నడుం దగ్గర. వెన్నుపాము అంతకంటె పైనే ముగిసిపోతుంది. కింద ఉండేవి నీటిలో వేలాడే నరాలు, నానిన సేమ్యా పోగుల్లాంటివి. సూది వస్తే పక్కకు తప్పుకుంటాయి. మీలో సిజేరియను అయినవారికి నడుం దగ్గర మత్తు ఇంజక్షను ఇచ్చివుంటారు కదా? అదీ ఆ నీటిలోకే. కాళ్లు రెండు మూడు గంటలు మొద్దుబారాయి, మళ్లీ వచ్చాయి. ఇప్పుడు పిల్లల వెంట పరుగెత్తుతూనే ఉన్నారు!

మరి కాళ్లు పడిపోతాయన్న మాట ఎలా పుట్టింది? ఈ నీరు తీసేది ఎక్కువగా మెదడు పొరల వాపు, క్షయ లాంటి గడ్డు జబ్బుల్లో. ఆ జబ్బుల వల్లే కొందరికి కాళ్లూ చేతులూ పోయేవి. నింద మాత్రం సూది మీద పడింది. జబ్బు చేసిన తప్పుకు సూది శిక్ష అనుభవిస్తోంది.

ఈ నీటికీ బృహద్ధమని ఆపరేషనుకూ సంబంధం ఏమిటో 1962లో బ్లెయిస్‌డెల్, కూలీ అనే ఇద్దరు సర్జనులు కుక్కల మీద చేసిన ప్రయోగాలతో చూపించారు. ధమనిని క్లాంపు వేసి బిగించినప్పుడు కిందివైపు రక్తపు ఒత్తిడి తగ్గిపోతుంది. అదే సమయంలో వెన్నులో నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఒకపక్క రక్తం తోసే బలం తగ్గుతుంటే, మరోపక్క నీరు బయటి నుంచి ఆ సన్న నాళాలను నొక్కేస్తుంది. మెత్తని రబ్బరు గొట్టంలో నీళ్లు సన్నగా వస్తున్నప్పుడు దాన్ని వేళ్లతో నొక్కితే ఏమవుతుంది? ఆ సన్నధార కూడా ఆగుతుంది. అందుకని కొంత నీరు తీసి ఒత్తిడి తగ్గిస్తే చచ్చుపడడం తగ్గింది.

కుక్కల్లో తేలింది కదా అని మనుషుల్లో వెంటనే రుజువు కాలేదు. 1991లో క్రాఫర్డ్ 98 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నీరు తీసి, రెండో జట్టుకు తియ్యకుండా చూశాడు. తేడా ఏమీ కనబడలేదు. అయితే ఆ పరీక్షలో 50 మిల్లీలీటర్లకు మించి తియ్యలేదు. దశాబ్దం తరువాత ఆ హ్యూస్టన్‌లోనే జోసెఫ్ కొసెల్లి బృందం 145 మంది మీద మళ్లీ పరీక్షించింది. ఈసారి నీటి ఒత్తిడిని కనిపెట్టి చూస్తూ, ఆపరేషను అయ్యాక కూడా అవసరాన్ని బట్టి తీస్తూ వచ్చారు. 2002లో ఫలితం వచ్చింది. నీరు తియ్యనివారిలో 13 శాతం మందికి కాళ్లకు దెబ్బ తగిలింది. నీరు తీసినవారిలో 2.6 శాతం మందికే. 2010లో అమెరికా వైద్యసంఘాల మార్గదర్శకాలు, ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులకు ఇలా నీరు తియ్యాలని గట్టిగా చెప్పాయి. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న మన సామెతలాంటి మాటకు ఇంతకంటె జవాబు ఏం కావాలి?

అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. కొందరు రోగులు ఆపరేషను అయ్యాక చక్కగా లేస్తారు. కాళ్లు కదుపుతారు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మరునాడో, మూడోనాడో, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగానో కాళ్లు బరువెక్కుతున్నాయంటారు. గంటల్లో కదలిక పోతుంది. క్లాంపు తీసి రోజులైంది, రక్తం ఎప్పుడో వచ్చింది. మరి ఇప్పుడు ఎందుకు?

జవాబు కోసం చాలా పాత మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట రోమను దేశంలో సెల్సస్ అనే ఆయన, ఒంట్లో దెబ్బ తగిలిన చోట నాలుగు లక్షణాలు కనిపిస్తాయని రాశాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వేలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు మనం చూసేవి ఇవే. తరువాతి వైద్యులు అయిదోది కూడా చేర్చారు. ఆ భాగం పని చెయ్యలేకపోవడం. ఈ మంట నిజానికి ఒంటి రక్షణ కోసమే. కాని పొయ్యిలో ఉండాల్సిన నిప్పు ఇంటి కప్పుకు అంటుకుంటే?

వెన్నుపాములో జరిగేది అలాంటిదే. రక్తం అందనప్పుడు అక్కడి కణాలు కొన్ని దెబ్బతింటాయి. రక్తం తిరిగి రాగానే అక్కడి కావలి కణాలు మేలుకుని ఆపద ఆపద అంటూ రసాయన కబుర్లు పంపుతాయి. ఆ కబురందుకుని తెల్లరక్తకణాలు గుంపులుగా వస్తాయి. వాపు మొదలవుతుంది. వేలు వాస్తే చర్మం సాగుతుంది. వెన్నుపాము చుట్టూ ఉన్నది ఎముక గూడు. అది సాగదు. లోపలి వాపు తన రక్తనాళాలనే తాను నొక్కుకుంటుంది. ఆ సమయంలో రక్తపోటు కాస్త పడిపోయిందంటే, అంతదాకా అంతంతమాత్రంగా అందుతున్న రక్తం ఆగిపోతుంది. కాళ్లు ఆలస్యంగా పడిపోవడంలో ఈ రెండింటికీ పాత్ర ఉందని వైద్యులు భావిస్తున్నారు.

ఆ రసాయన కబుర్లకు పేర్లున్నాయి. 1975లో న్యూయార్కులో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్ మొదలైనవారు ఒకదాన్ని గుర్తించి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అన్నారు. 1979లో స్విట్జర్లాండులో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ఇలాంటి మరికొన్నిటికి ఇంటర్‌ల్యూకిన్లు అని పేరు పెట్టారు. తెల్లకణాల మధ్య నడిచే కబుర్లని భావం. 1986లో జపానులోని ఒసాకాలో హిరానో, కిషిమోతో బృందం ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువును పట్టుకుంది. ఆ మరుసటి ఏడే, తెల్లకణాలను పిలుచుకొచ్చే ఇంటర్‌ల్యూకిన్-8 బయటపడింది. ఈ పేర్లు మనకేం తెలుసు అనకండి. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి రిపోర్టుల్లో "ఐ.ఎల్.-6" అని చూసి కంగారుపడింది మనమే. 2021లో టోసిలిజుమాబ్ ఇంజక్షను ఎక్కడ దొరుకుతుందా అని ఊళ్లన్నీ గాలించిందీ మనవాళ్లే. ఆ మందు ఈ ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అడ్డుకునేదే.

ఇప్పుడు చూడండి, ఒత్తిడి తగ్గించడానికి వెన్నులో పెట్టిన సన్నని గొట్టం పరిశోధకులకు ఎలా పనికొచ్చిందో. ఎలాగూ నీరు బయటికి వస్తోంది. ఆపరేషను ముందు కొంచెం, క్లాంపు వేశాక కొంచెం, తీశాక కొంచెం, మరునాడు కొంచెం దాచిపెట్టి అందులో ఈ పదార్థాలు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. రక్తంలోనే కొలవవచ్చు కదా అంటారేమో. ఇంత పెద్ద ఆపరేషనులో ఒళ్లంతా గాయమే. రక్తంలో ఈ కబుర్లు ఎలాగూ పెరుగుతాయి. రక్తం చెప్పేది ఊరందరి గోల, వెన్నులో నీరు చెప్పేది ఆ ఇంటి మాట. కొలిచి చూస్తే ఆపరేషను తరువాత ఆ నీటిలో ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటివి పెరిగాయి. అంటే వెన్నుపాము పరిసరాల్లోనే మంట రాజుకుంటోందన్నమాట. రక్తం ఆగడమే శత్రువు అనుకున్నవారికి, రక్తం తిరిగి వచ్చాక రేగే మంట కూడా శత్రువేనని ఈ నీరు సాక్ష్యం చెప్పింది.

అయితే సాక్షి వేరు, వైద్యుడు వేరు. ఈ పరిశోధనలన్నీ కొద్దిమంది రోగుల మీద జరిగినవి. కాళ్లు బాగున్నవారిలోనూ ఈ కొలతలు కొంత పెరుగుతాయి. ఇంత దాటితే కాళ్లకు ముప్పు అని గీత గీసి చెప్పే పరీక్ష ఇంకా తయారు కాలేదు. ఆ మంటను ఆర్పి కాళ్లను కాపాడుతుందని ఖాయంగా రుజువైన మందూ ఇంకా లేదు. నీరు తియ్యడంలోనూ ప్రమాదాలు లేకపోలేదు. మరీ ఎక్కువగా, మరీ వేగంగా తీస్తే తలలో రక్తస్రావం కావచ్చు, తలనొప్పి రావచ్చు, సూక్ష్మక్రిములు చేరవచ్చు. అందుకే గొట్టం ఉన్నన్నాళ్లూ కళ్లలో వత్తులు వేసుకుని కనిపెట్టి చూస్తారు.

ఇప్పుడు ఛాతీ కొయ్యకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి గుడ్డ తొడిగిన స్టెంటును పంపి లోపల అమర్చే పద్ధతి వచ్చింది. 1990లో అర్జెంటీనాలో హువాన్ పరోదీ అనే ఆయన పొట్టలోని ఉబ్బుకు ఇలా చేసి చూపించాక అది లోకమంతా వ్యాపించింది. కోత లేదు కదా అని కాళ్ల భయం పూర్తిగా పోలేదు. ధమనిని చాలా పొడవునా కప్పేస్తే వెన్నుపాముకు పోయే సన్ననాళాల మూతులు మూసుకుపోతాయి. కనుక పాత ప్రశ్న కొత్త ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుంది.

కుట్టుమిషను మీద గొట్టాలు కుట్టిన డిబేకీ సంగతి చెప్పి ముగిస్తే గాని బాగుండదు. 2005 డిసెంబరులో, 97 ఏళ్ల వయసులో, ఆయన బృహద్ధమని గోడే చీలింది. తాను తీర్చిదిద్దిన ఆపరేషనే తనకు కావాల్సి వచ్చింది. మొదట ఆయన వద్దన్నాడు. తరువాత తెలివి తప్పింది. ఇంత ముసలివాడికి ఆపరేషను చెయ్యవచ్చా అని ఆసుపత్రి సంఘం తర్జనభర్జన పడుతుంటే, భార్య కాట్రిన్ ఆ సమావేశంలోకే వెళ్లి చేసి తీరాలని పట్టుబట్టింది. 2006 ఫిబ్రవరిలో ఆయన శిష్యులే డేక్రాను గొట్టం వేసి బతికించారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. 2008 జులైలో, నూరేళ్లకు రెండు నెలల ముందు, కన్నుమూశాడు.

అమ్మలారా, ఎంత గొప్పవారి ఇంట్లోనైనా చివరికి ఆ కాగితం ముందు నిలబడేది ఇంటి ఇల్లాలే. అందుకే ఈ చరిత్ర మనకు కావాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషను తప్పకపోతే, కాళ్లకు ఎంత ప్రమాదముంది, వెన్నులో నీరు తీసే ఏర్పాటు చేస్తారా అని డాక్టరుగారిని అడగండి. అడగడం తప్పు కాదు. ఆపరేషను అయ్యాక పక్కన కూర్చున్నప్పుడు క్షేమసమాచారాలతో బాటు "కాళ్లు ఒకసారి కదపండి" అని కూడా అనండి. మూడోరోజైనా సరే, కాలు బరువుగా ఉందన్నా, మొద్దుబారిందన్నా తెల్లవారాక చెబుదాంలే అనుకోకండి. ఆ క్షణమే నర్సుకు చెప్పండి. వెంటనే రక్తపోటు పెంచి, వెన్నులో నీరు తీసి, కదలిక తిరిగి తెచ్చుకున్నవారు ఉన్నారు. అక్కడ గంటలే ముఖ్యం.

రేపు మీ పక్కింట్లో పిల్లవాడికి వెన్నులో నీరు తియ్యాలంటే ఆ తల్లి వణికిపోతూ మీ దగ్గరికి రావచ్చు. అప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేసి చెప్పండి. ఆ నీరు కాళ్లు తీసేది కాదమ్మా, లోపలి సంగతి మనకు చెప్పేది అని.